మొక్కల పరిణామంపై పరిశోధన: ఆకు ఎండబెట్టడంతో మొదలుపెట్టండి

మొక్కల డీఎన్ఏ పోల్చి వాటి పరిణామాన్ని తేల్చే ఈ రంగంలోకి రావాలనుకునే ఎమ్మెస్సీ విద్యార్థి కంప్యూటర్ కంటే ముందు ఆకు ఎండబెట్టడం నేర్చుకోవాలి. లేత ఆకును ముక్కలు చేసి, దాని బరువుకు కనీసం 10 రెట్లు సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికల్లో) వేయండి. ఒక్క రోజులో పెళపెళలాడాలి. ఆలస్యమైతే ఆకులోని ఎంజైములే డీఎన్ఏను తెగ్గొడతాయి. తేమకు రంగు మారే జెల్ అయితే, రంగు మారగానే కొత్తది వేయండి. అదే మొక్క కొమ్మను పూతతో సహా నొక్కి, ఎండబెట్టి, హెర్బేరియంలో (ఎండు మొక్కల భాండాగారంలో) నంబరుతో భద్రపరచాలి. అది లేకపోతే మీరు చదివిన డీఎన్ఏ సీక్వెన్స్ (అక్షరాల వరుస) ఏ మొక్కదో రేపు ఎవరూ తేల్చలేరు. అడవిలో సేకరణకు అటవీశాఖ అనుమతి ముందే ఉండాలి.

బెండ, మందార కుటుంబపు మొక్కల జిగురు డీఎన్ఏతో పాటు వచ్చి పీసీఆర్‌ను (డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతిని) ఆపేస్తుంది. డీఎన్ఏ నమూనాను 10 రెట్లు పలుచన చేస్తే చాలాసార్లు నడుస్తుంది.

క్లోరోప్లాస్ట్ జన్యువులు సాధారణంగా తల్లి వైపు నుంచే వస్తాయి. వాటిని మాత్రమే నమ్మితే రెండు జాతులు కలిసి పుట్టిన సంకరాలు కనబడవు, కేంద్రకంలోని ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం కూడా చదవండి. డీఎన్ఏ సీక్వెన్సులు దొరికే జెన్‌బ్యాంక్, వాటితో వంశవృక్షం గీసే సాఫ్ట్‌వేర్ ఐక్యూ-ట్రీ రెండూ ఉచితమే.

పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ ప్రధాన దారి. గేట్‌లో 'ఎకాలజీ అండ్ ఎవల్యూషన్' అనే ప్రత్యేక పేపరే ఉంది, మనవాళ్లు దాన్ని అనవసరంగా వదిలేస్తున్నారు. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం, పటాన్‌చెరులో కంది, శనగల అడవి బంధువులను దాచిన ఇక్రిశాట్ విత్తన భాండాగారం (జీన్‌బ్యాంక్) ఉన్నాయి.