ఎనిమిదో తరగతికి ఆ పాఠం చెప్పిన మూడు రోజులు

నేను జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠాన్ని మొదటిసారి పదిహేను నిమిషాల్లో ముగించాను. బొమ్మ గీశాను, భాగాల పేర్లు రాశాను, "మిగతాది ఇంట్లో చదువుకోండి" అన్నాను. ఒక్క ప్రశ్న కూడా రాలేదు. అందరికీ అర్థమైందనుకుని సంతోషించాను కూడా. మధ్యాహ్నం లెక్కలు చెప్పే మేడం నవ్వుతూ, "చివరిదాకా బోర్డు వైపే తిరిగి ఉన్నారట కదా!" అన్నారు. పిల్లలు చెప్పారట.

మరుసటి ఏడాది ఆ పాఠానికి మూడు రోజులు పెట్టుకున్నాను. ముందురోజు తరగతిలో ఒక అట్టపెట్టె ఉంచి, సందేహాలు పేరు లేకుండా రాసి వేయమన్నాను. సందేహం లేనివాళ్లు "సందేహం లేదు" అని రాసైనా వేయాలి. లేకపోతే ఎవరు రాస్తున్నారో, ఎవరు రాయడం లేదో అందరూ గమనిస్తారు. ఆ రాత్రి చీటీలు విప్పి చదివాక తెలిసింది, వాటిలో చాలావాటికి నా దగ్గరే సరైన జవాబు లేదని.

"మూత్రం, రక్తం ఒకే దారిలో వస్తాయా?" అని ఒక చీటీ. రాసింది అబ్బాయో అమ్మాయో తెలియదు. నాకు మాత్రం ఆ సందేహం డిగ్రీ దాకా ఉండేది, ఎవరినీ అడగలేదు. తప్పు కొంత బొమ్మదే. మనం గీసే బొమ్మ ఎదురుగా నిలబడి చూసినట్టు ఉంటుంది. అందులో మూత్రాశయం ఉండదు, పురీషనాళం ఉండదు. అందుకని మొదటి రోజు ఆ బొమ్మ జోలికి పోకుండా, పక్క నుంచి చూస్తే కనిపించేది గీశాను. ముందు మూత్రాశయం, దాని కింద మూత్రద్వారం. మధ్యలో గర్భాశయం, యోని. వెనక పురీషనాళం, మలద్వారం. మూడు ద్వారాలు, మూడూ వేరు. గర్భాశయం నిటారుగా నిలబడి ఉండదు. చాలామందిలో మూత్రాశయం మీదికి ముందుకు వాలి ఉంటుంది. బయటికి కనిపించే భాగాన్నంతా యోని అనేస్తాం గానీ అది బాహ్య జననాంగం. యోని అంటే లోపల ఉండే కండర నాళం, పొడవు సుమారు 7 నుంచి 10 సెంటీమీటర్లు. శుభ్రం చేసుకునేటప్పుడు ముందు నుంచి వెనక్కి తుడుచుకోవాలని ఎందుకు చెబుతారో ఈ బొమ్మ చూస్తే వేరే వివరణ అక్కర్లేదు. వెనక ఉన్న సూక్ష్మజీవులు ముందున్న మూత్రద్వారానికి చేరకూడదు.

ఈ మాటలు తడబడకుండా పలకడానికి ముందురోజు ఇంట్లో నాలుగైదు సార్లు గట్టిగా అని చూసుకున్నాను. తరగతిలో మొదటి నవ్వు మాత్రం వేరే చోట వచ్చింది. "మిగతాది రేపు మూడో పీరియడ్‌లో" అన్నాను. వెనక బెంచీలు ఘొల్లుమన్నాయి. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎందుకో పాఠం తేలికైంది.

రెండో రోజు బంకమట్టి తీసుకెళ్లాను. గర్భాశయాన్ని అసలు కొలతల్లోనే చేయించాను. పొడవు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 5, మందం 2.5. "ఇంతేనా సార్!" అన్నారు. పెద్ద సంచీలా ఉంటుందని ఊహించుకున్నారు. మామూలుగా దాని ముందుగోడ, వెనకగోడ దాదాపు ఆనుకునే ఉంటాయి. గర్భం పెరిగేకొద్దీ సాగి, 60, 70 గ్రాముల బరువున్నది నెలలు నిండేసరికి కిలోకు దగ్గరవుతుంది. చెరోవైపు ఒక్కో స్త్రీ బీజవాహిక, అంటే ఫాలోపియన్ నాళం. దానికి 10, 12 సెంటీమీటర్ల దారం ముక్కలు సరిపోయాయి. పదహారో శతాబ్దంలో వీటిని వర్ణించిన ఇటలీ వైద్యుడు ఫాలోపియో పేరు మీద ఆ పేరు వచ్చింది. చివర్లలో బాదం గింజంత మట్టి ఉండలు రెండు, అవి అండాశయాలు.

ఒక అమ్మాయి దారాన్ని మట్టి ఉండలో గుచ్చబోయింది. ఆపాను. నాళం అండాశయానికి అతుక్కుని ఉండదు, మధ్యలో కాస్త ఖాళీ ఉంటుంది. ఆ అమ్మాయి వెంటనే అడిగింది: "మరి అండం దారి తప్పితే?"

ఆ ప్రశ్న కోసమైనా ఈ మూడు రోజులూ పెట్టుకోవచ్చు. నాళం కొసన వేళ్లలాంటి కుచ్చులుంటాయి. అండం విడుదలయ్యే వేళకు అవి అండాశయం మీద కదులుతూ దాన్ని లోపలికి తీసుకుంటాయి. నాళం లోపల సన్నటి కేశాలు కదులుతూ, కండరాలు ముడుచుకుంటూ దాన్ని గర్భాశయం వైపు నడిపిస్తాయి. ఒక్కోసారి నిజంగానే తప్పిపోతుంది. అప్పుడది ఉదరకుహరంలోనే కరిగిపోతుంది, హాని ఏమీ ఉండదు. ఒకవైపు అండాశయం వదిలిన అండాన్ని రెండో వైపు నాళం అందుకోవడమూ జరుగుతుంది. "ఎంతుంటుంది సార్ అండం?" మిల్లీమీటరులో పదో వంతు. బాగా చెక్కిన పెన్సిల్ మొనతో పెట్టిన చుక్క కన్నా చిన్నది. అయినా మన శరీరంలోని పెద్ద కణాల్లో అదొకటి. విడుదలయ్యాక ఒక్క రోజుకు మించి బతకదు. ఆలోగా నాళంలోనే శుక్రకణంతో కలిస్తే ఫలదీకరణం. ఫలదీకరణం గర్భాశయంలో జరుగుతుందని సగం తరగతి అనుకుంది. గర్భాశయానికి చేరి గోడలో కుదురుకోవడానికి మరో వారం దాకా పడుతుంది.

మూడో రోజు నెలసరి. చీటీల్లో సగం దీని గురించే. "అంత రక్తం పోతే బలహీనులైపోరా?" అన్న చీటీకి రంగునీళ్లు, టీ చెంచా తెచ్చాను. గ్లాసులో ఆరు చెంచాలు, ఏడు, ఎనిమిది. సగటున 30, 40 మిల్లీలీటర్లు, అంతే. 80 దాటితే ఎక్కువ అని లెక్క. అది చెడురక్తమూ కాదు. గర్భం కోసం గర్భాశయం లోపల మందంగా పేరుకున్న పొర, గర్భం రానప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పడిపోవడంతో ఊడి, కొంత రక్తంతో కలిసి వస్తుంది. దాన్ని బయటికి పంపడానికి గర్భాశయం ముడుచుకుంటుంది. కడుపునొప్పి అందుకే. అబ్బాయిలు చెంచాల లెక్క చూసినంత శ్రద్ధగా నా పాఠం మరెప్పుడూ వినలేదు.

"28 రోజులకు రాకపోతే జబ్బా?" కాదు. 28 అన్నది ఒక సగటు. మొదటి ఏళ్లలో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అండం సరిగ్గా పద్నాలుగో రోజున విడుదలవుతుందని పుస్తకాల్లో చదివేదీ ఆ సగటు లెక్కే. తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు అని వెనక నుంచి లెక్కపెట్టడం నయం. వైద్యుల దగ్గరికి వెళ్లాల్సినవి వేరుగా బోర్డు మీద రాశాను: పదిహేనేళ్లు వచ్చినా మొదలుకాకపోవడం, మూడు నెలలు దాటినా రాకపోవడం, ఏడు రోజులు మించి స్రావం, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోవడం, బడికి రాలేనంత నొప్పి. దీన్ని ఎవరూ చెప్పకుండానే అందరూ నోట్సులో ఎక్కించుకున్నారు.

ఇక ఆడపిల్ల పుట్టేనాటికే ఆమె అండాశయాల్లో పది, ఇరవై లక్షల అండాలుంటాయని, తల్లి గర్భంలో ఉండగానే అవి ఏర్పడతాయని, వాటిలో జీవితకాలంలో విడుదలయ్యేవి నాలుగైదు వందలేనని చెప్పాను. మొదటి బెంచీ అబ్బాయి కాసేపు ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే సార్, నేను మా అమ్మమ్మ కడుపులో కూడా ఉన్నట్టేనా?" సగం ఉన్నట్టే అన్నాను. నువ్వు పుట్టిన అండం మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉండగానే తయారైంది, మిగతా సగం నాన్న నుంచి వచ్చింది. "మరి అమ్మాయి, అబ్బాయి అన్నది?" అది నాన్న సగమే తేలుస్తుంది. ఎక్స్ క్రోమోజోమ్ తెస్తే అమ్మాయి, వై క్రోమోజోమ్ తెస్తే అబ్బాయి.

నెల తర్వాత పరీక్షలో బొమ్మ అడిగాను. పుస్తకంలో నాళం అండాశయాన్ని తాకుతున్నట్టే ఉంటుంది. నా తరగతిలో చాలామంది ఖాళీ వదిలి గీశారు. ఒకరైతే మరీ వేలెడు ఖాళీ వదిలి, మధ్యలో చుక్క పెట్టి, దానికి బాణం గీసి "దారి తప్పిన అండం" అని రాశారు. కొలత తప్పే. మార్కు మాత్రం తగ్గించలేదు.