అంబాసిడర్‌కు ఏ పెయింటు?

నాన్నగారి 1978 నాటి అంబాసిడర్‌కు ఎట్టకేలకు రంగు పని మొదలైంది. ‘ఏ రంగు వేయిస్తున్నారు?’ అని అందరూ అడుగుతున్నారు. నన్నడిగితే ‘ఏ రకం పెయింటు?’ అన్నదే అంతకన్నా ముఖ్యం.

మన షెడ్లలో పాత కార్లకు చాలాకాలం కొట్టింది ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు. థిన్నరు ఆవిరి కాగానే ఆరిపోతుంది, ధర తక్కువ, పాలిష్ పడితే మెత్తని మెరుపు వస్తుంది. కానీ ఎండకు వెలిసిపోతుంది, పెట్రోలు ఒలికితే మచ్చ పడుతుంది. అందుకే పీయూ (పాలీయురెథేన్) పెయింటు ఎంచుకున్నాం. అది హార్డెనర్ అనే గట్టిపరిచే ద్రవంతో కలిసి రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. ఆ హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం. మూతికి గుడ్డ కట్టుకుని పీయూ కొట్టే కుర్రవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. గొట్టంతో స్వచ్ఛమైన గాలి అందించే మాస్కు ఉంటేనే పని అని షెడ్డులో ముందే చెప్పాను.

డిక్కీ మూలన మేస్త్రి తడి ఎమెరీ కాగితంతో రుద్దుతుంటే పొరలు ఒక్కొక్కటే బయటపడ్డాయి: పైన తెలుపు, దాని కింద లేత నీలం, ఆ కింద తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ పూత, చివరికి రేకు. ఆ నీలం చూసి నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. షేడ్ అదే కలిపిస్తున్నాం. పైన క్లియర్ కోటు (రంగు లేని మెరుపు పూత) మాత్రం వద్దన్నాను, ఆనాటి కార్లకు ఆ గాజు మెరుపు నప్పదు.

ఎండలు ముదరకముందే పైకోటు కొట్టేయాలని మేస్త్రి తొందర. రేకు మీద ముందుగా వేసే అడుగుపూత, ఎపాక్సీ ప్రైమర్, పూర్తిగా ఆరాకే అని నా పట్టు.