తిప్పతీగ కషాయం, నా లివర్

2021 సెకండ్ వేవ్‌లో పొద్దున్నే కషాయం కాయని ఇల్లు విశాఖ సీతమ్మధారలో మా వీధిలో లేదు. తిప్పతీగ, తులసి, అల్లం, మిరియాలు. తీగ మా అత్తయ్యగారు పూర్ణా మార్కెట్ నుంచి తెప్పించేవారు. కరోనా పోయినా కషాయం పోలేదు. నాకు థైరాయిడ్ ఉంది. ఇమ్యూనిటీ పెరిగితే దానికీ మంచిదేనన్నారు అందరూ.

మొదట ఆకలి చచ్చిపోయింది. తర్వాత రాత్రిళ్ళు అరచేతులు ఒకటే దురద. ఒకరోజు క్లాసులో లెక్క చెబుతుంటే ముందు బెంచీ పిల్ల "మేడమ్, మీ కళ్ళు పచ్చగా ఉన్నాయి" అంది.

దగ్గర్లోని డాక్టరు "మందు అలవాటుందా?" అని మా ఆయన వైపు చూసి నవ్వాడు. లేదన్నాం. ఏవో మాత్రలు రాసిచ్చాడు. ఇంట్లో ఇంకేం తాగుతున్నారమ్మా అని ఒక్క ముక్క అడగడానికి ఆయనకేం అడ్డొచ్చిందో! ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈలోగా చుట్టాలు దిగారు. ఒకరు నేల ఉసిరి దంచి తెచ్చారు, ఇంకొకరు కళ్ళల్లో పసరు పోయించుకోమన్నారు. కషాయం ఎలాగూ నడుస్తూనే ఉంది.

హాస్పిటల్లో చేరేసరికి, కామెర్లు ఎంత ముదిరాయో చెప్పే బిలిరుబిన్ 14. హెపటైటిస్ టెస్టులన్నీ నెగటివ్. రక్తం గడ్డకట్టే టెస్టు మాత్రం బాగా తేడా వచ్చింది. ఆ రాత్రి కర్టెన్ అవతల డ్యూటీ డాక్టరు మా ఆయనతో అంటున్నాడు: "ఇంకా దిగజారితే ట్రాన్స్‌ప్లాంటే. డబ్బులు చూసుకోండి." మధ్యలో ఉన్నది కర్టెనే, గోడ కాదు. మా అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం దాచిన డబ్బు గుర్తొచ్చింది నాకు.

లివర్ బాగా దెబ్బతింటే మనిషికి తికమక మొదలవుతుందట. అందుకని శ్రీకాకుళం నర్సమ్మ మాటిమాటికీ లేపి పేరు, వారం అడిగేది. లెక్కల టీచర్నని తెలిశాక పదిహేడో ఎక్కం చెప్పమంది. పదిహేడు ఇంటూ ఏడు దగ్గర ఆగిపోయాను. ఎన్నేళ్ళుగా పిల్లలకి చెబుతున్న ఎక్కం! నిద్రమత్తా, లేక అదే మొదలైందా? చెమటలు పట్టాయి. "నాకూ అక్కడే ఆగిపోద్ది మేడమ్" అంది ఆవిడ. కాసేపటికి నూట పందొమ్మిది దానంతటదే వచ్చింది. ఆవిడకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

తెల్లారాక పెద్ద డాక్టరు కూర్చుని, "నిద్ర లేచింది మొదలు నోట్లోకి ఏమేం వెళ్తాయో చెప్పండి" అన్నారు. తిప్పతీగ అనగానే పెన్ను కింద పెట్టేశారు. అది రెచ్చగొట్టిన ఇమ్యూనిటీ నాలాంటి థైరాయిడ్ వాళ్ళలో సొంత లివర్ మీదే తిరగబడొచ్చన్నారు. బయాప్సీ, స్టెరాయిడ్లు, నెలల తరబడి రక్తపరీక్షలు. అవన్నీ అయ్యాయి. ఇప్పుడు రిపోర్టులు నార్మల్.

తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లోనే బయటపెట్టారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 కేసులు అచ్చయ్యాయి. వాళ్ళలో థైరాయిడ్ ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఆయుష్ శాఖ మాత్రం అసలు తిప్పతీగ తప్పు కాదు, అలాంటిదే ఇంకో తీగతో పొరబడి ఉంటారంది. మార్కెట్లో కట్ట కొనేవాళ్ళకి ఆ తేడా ఎవరు చూపిస్తారు?

మూలికల మీద నాకు కక్ష లేదు. జలుబు చేస్తే మిరియాల చారు, కడుపుబ్బరానికి వాము నాకిప్పటికీ ఉన్నాయి. కూరలో చిటికెడు పసుపు వేరు, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్ వేరు. వాటితోనూ కొందరికి లివర్ దెబ్బతింది. థైరాయిడ్‌కో, రక్తం పలచబడడానికో మాత్రలు వాడేవాళ్ళు తాగేదేదైనా డాక్టరు అడక్కపోయినా చెప్పండి, కాస్త గట్టిగానే చెప్పండి.

మార్గశిరంలో బురుజుపేట కనకమహాలక్ష్మికి మొక్కు తీర్చుకున్నాం. క్యూలో అత్తయ్యగారు మళ్ళీ ఎత్తుకున్నారు: "అందరం ఒకే గిన్నెలోది తాగాం. మాకు పడింది, నీకే ఎందుకు పడలేదే?" థైరాయిడ్ గురించి, డాక్టరు చెప్పింది మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. "ఏమోనమ్మా" అన్నారు. ఆవిడ గ్లాసు ఆవిడ తాగుతూనే ఉన్నారు. మూడు నెలలకోసారి ఆవిడకీ లివర్ టెస్టు చేయిస్తున్నాను. షుగర్ టెస్టని చెప్పి తీసుకెళ్తున్నాం.