గాలం కంటే ముందు గాలి చూడాలి

మా అక్క వాళ్లు ఉండేది టెక్సస్ తీరంలోని కార్పస్ క్రిస్టీలో. తను చాలా ఏళ్లుగా కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద వెళ్లి చేపలు పడుతుంది. నాకు మాత్రం తెడ్డు పట్టిన అలవాటే లేదు. ఈసారి ఆస్టిన్ నుంచి వస్తున్నానని చెప్పగానే ఫోన్‌లోనే షరతు పెట్టేసింది. "లైట్‌హౌస్ లేక్స్‌కి తీసుకెళ్తాను గానీ, ముందురోజు సాయంత్రం నడుంలోతు నీళ్లలో కయాక్‌ని బోల్తా కొట్టించి మళ్లీ నువ్వే ఎక్కి చూపించాలి. అది రాకపోతే ఒడ్డు మీద నుంచే గాలం వేసుకుందాం." కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా ఇప్పుడు నేనూ అదే చెప్తాను. చేపలు పట్టడం మెల్లగా వస్తుంది, మళ్లీ ఎక్కడం మాత్రం మొదటే రావాలి.

కయాక్ కొనలేదు, అద్దెకు తీసుకున్నాం. పైన కూర్చునే రకం, సిట్ ఆన్ టాప్ అంటారు. కాళ్లు లోపలికి దూర్చి కూర్చునే రకమైతే బోల్తా పడగానే నీళ్లు నిండిపోతాయి, వాటిని తోడుకోవడం వేరే విద్య. దీనికైతే అడుగుదాకా రంధ్రాలుంటాయి, నీళ్లు వాటంతటవే పోతాయి. వెడల్పుగా ఉన్నదే అడిగి తీసుకుంది అక్క. సన్నవి వేగంగా పోతాయి గానీ, వెనక్కి తిరిగి ఏదైనా అందుకోబోతే ఊగిపోతాయి.

ఎక్కే పద్ధతి చెప్తాను. తిరగబడ్డ కయాక్ మధ్య భాగానికి ఈదుకుంటూ వచ్చి, అడుగు మీదుగా చెయ్యి చాచి అవతలి అంచు పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వెనక్కి వాలితే అది మళ్లీ మామూలుగా తిరుగుతుంది. అసలు పని ఆ తర్వాతే. కాళ్లు కిందికి వేలాడుతుంటే చేతుల్లో ఎంత బలమున్నా ఎక్కలేం, కయాకే మన మీదికి ఒరుగుతుంది. అందుకని రెండు చేతులూ దాని మీద వేసి, కాళ్లు వెనక్కి చాచి, అవి నీటి పైకి తేలేదాకా గట్టిగా తన్నాలి. ఒళ్లు నీటికి సమంగా వచ్చిందనిపించగానే పొట్ట మీద పాకుతూ పైకి జరగాలి. బొడ్డు కయాక్ మధ్యకు వచ్చాక వెల్లకిలా తిరిగి, సీట్లో సర్దుకున్నాకే కాళ్లు లోపలికి తెచ్చుకోవాలి. కయాక్‌ని వదిలేసి ఒడ్డుకు ఈదుదామని మాత్రం అనుకోకూడదు, నీళ్లలో ఉన్న మనిషి తల దూరానికి కనపడదు, కయాక్ కనపడుతుంది.

లైఫ్ జాకెట్ పట్టీలు బిగించకపోతే అది చెవుల దాకా ఎగదన్నుతుంది. టెక్సస్ చట్టం ప్రకారం మనిషికొకటి కయాక్‌లో ఉండాలి, 13 ఏళ్లలోపు పిల్లలైతే తొడుక్కునే ఉండాలి. పెద్దవాళ్లు పక్కన పెట్టుకున్నా చట్టం ఒప్పుకుంటుంది. కానీ నీళ్లలో తేలుతూ దాన్ని తొడుక్కోవడం ఎంత కష్టమో అక్క నాతో చేయించి చూపించింది, అప్పటినుంచి సీటు వెనక కట్టుకుని వెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తోంది.

ఆ రాత్రి అన్నం తింటూ అక్క చూసింది చేపల సంగతి కాదు, గాలి సంగతి. ఈ తీరంలో ఎక్కువగా ఆగ్నేయం నుంచి వీస్తుంది, పొద్దున తక్కువగా ఉండి మధ్యాహ్నానికి పెరుగుతుంది. గంటకు 10 మైళ్లలోపు ఉంటేనే కొత్తవాళ్లను తీసుకెళ్తుంది తను, 15 దాటుతుందని ఉంటే ప్రయాణం మానేస్తుంది. చలికాలంలో అయితే ఉత్తరపు గాలి ఒక్కసారిగా తిరిగి విరుచుకుపడుతుంది కాబట్టి ఇంకా జాగ్రత్త. పొద్దున్నే ముందు గాలికి ఎదురు వెళ్లాలి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే మనల్ని ఇంటివైపు తోస్తుంది. గాలివాటున హాయిగా వెళ్లిపోతే తిరుగుదారిలో చేతులు పడిపోతాయి.

లైట్‌హౌస్ లేక్స్ అరాన్సస్ పాస్‌కీ పోర్ట్ అరాన్సస్‌కీ మధ్య ఉంటుంది, 361 హైవే పక్క నుంచే దిగొచ్చు. ముందు ఒక లోతైన కాలువ దాటాలి, మోటారు బోట్లు దూసుకుపోయే చోటు, నాకు ఉన్న టెన్షనంతా అక్కడే. రెండువైపులా చూసి, ఇద్దరం పక్కపక్కనే, అటూ ఇటూ తిరక్కుండా సూటిగా దాటేశాం. అవతలికి వెళ్లగానే లోకమే మారిపోయింది. మడ అడవుల మధ్య సన్నటి పాయలు, మోకాలు కూడా మునగని నీళ్లు, అడుగున సముద్రపు గడ్డి. ప్రొపెల్లర్‌తో ఆ గడ్డిని పెకలించడం 2006 నుంచి ఇక్కడ నేరం. దూరంగా 1857 నాటి లైట్‌హౌస్. "కోరంగి గుర్తొస్తోంది కదూ" అంది అక్క. మాది కాకినాడే, చిన్నప్పుడు ఆ మడచెట్ల మధ్య పడవలో తిరిగినవాళ్లమే, నాకు గొంతు పట్టేసినట్టయింది.

సామాను చాలా తక్కువ. ఒక్క గాలం కర్ర, బెండు కింద బతికున్న రొయ్య, పట్టకారు, దారం చిక్కుకుంటే కోయడానికి చాకు, జాకెట్‌కి విజిల్, మెడలో నీళ్లు చొరని సంచిలో ఫోన్, అనుకున్న దానికి రెట్టింపు తాగునీళ్లు. తెడ్డుకు తాడు కట్టి ఉంటుంది. కాళ్లకు గట్టి అడుగున్న బూట్లు, ఎందుకంటే ఆల్చిప్పలు బ్లేడుల్లా కోస్తాయి. ఇసుకలో దిగినప్పుడు అడుగులు ఎత్తి వేయకుండా ఈడ్చుకుంటూ నడవాలి, ఆ చప్పుడికి, తోకలో విషపు ముల్లుండే స్టింగ్‌రే చేపలు తప్పుకుంటాయి. ఆగాలనుకున్నప్పుడు లంగరు బదులు ఒక కర్రను అడుగులోకి గుచ్చి కయాక్ కొసకు కట్టుకున్నాం. నడుమ పక్కకు కడితే అల వచ్చినప్పుడు కయాక్ అడ్డం తిరిగి ఒరిగిపోతుంది.

బెండు మునిగింది. రెడ్ ఫిష్. కయాక్‌నే లాక్కుపోతోంది! "కర్ర ముందుకు పెట్టు, తల మాత్రం అంచు దాటనీకు" అని అక్క వెనక నుంచి అరుస్తోంది. తల అంచు దాటిందంటే ఒళ్లంతా దాని వెనకే పోతుందని ముందురోజు నీళ్లలోనే తెలిసింది కాబట్టి, చేప అలిసేదాకా నిటారుగా కూర్చున్నాను. అక్క తన కయాక్‌ని ఆనించి వల అందించింది. తోక మొదట్లో నల్లచుక్క, ఒంటి మీద రాగిరంగు మెరుపు. కొలిస్తే 23 అంగుళాలు. మామూలుగా 20 నుంచి 28 మధ్య ఉన్నవే ఉంచుకోవచ్చు, మనిషికి రోజుకు మూడు. 17 ఏళ్లు నిండితే లైసెన్సు ఉండాలి, ఉప్పునీళ్లకు దానితోపాటు ప్రత్యేక అనుమతి కూడా తీసుకోవాలి. ఒక్కటి చాలనుకుని గాలి పెరగకముందే వెనక్కి తిప్పాం.

ఒడ్డుకు చేరాక కయాక్‌లు పైకి లాగకముందే అక్క చేసిన పని బావకి మెసేజ్ పెట్టడం. ఎక్కడ దిగుతున్నాం, ఎటు వెళ్తున్నాం, ఎన్నింటికి వస్తాం అన్నీ పొద్దున్నే ఆయనకు రాసిచ్చి వచ్చిందట, 11 దాటాక కబురు లేకపోతే ఫోన్ చేయాలి, ఎత్తకపోతే కోస్ట్ గార్డ్‌కి చెప్పాలి. మేం వచ్చేసరికి పది దాటింది. బావ నుంచి వెంటనే జవాబు: చింతపండు నానబెట్టేశాను, రండి.