రంగు ఎక్కించి తీసిన కంటి ఫొటోలు: నా అనుభవం

యువియైటిస్‌కి (కంటి లోపల వచ్చే వాపుకి) మందులు వాడుతుండగా కంటి ఎరుపు తగ్గింది, చార్టులో చివరి వరుస దాకా చదివేస్తున్నాను. స్టిరాయిడ్ ఇంకా తగ్గిస్తారనుకుంటే, డాక్టరుగారు ఫ్లోరసీన్ యాంజియోగ్రఫీ, అంటే నరంలోకి రంగు ఎక్కించి కంటి రక్తనాళాల ఫొటోలు తీసే పరీక్ష, చేయించుకోమన్నారు. సూది లేకుండా తీసే ఓసీటీ యాంజియోగ్రఫీ అప్పటికే అయింది, అది బాగానే ఉంది. మళ్లీ ఇదెందుకని అడిగాను.

ఆవిడ ఓపిగ్గా చెప్పారు. ఓసీటీ యాంజియోగ్రఫీ ఒకే చోటును వెంటవెంటనే స్కాన్ చేసి, వాటి మధ్య ఏం కదిలిందో చూస్తుంది. కదిలేవి రక్తకణాలు కాబట్టి రక్తం పారే దారులు తెలుస్తాయి. వాచిన రక్తనాళం గోడలోంచి ద్రవం ఊరుతుంటే మాత్రం అది పట్టుకోలేదు. పైగా నాకు తీసింది రెటీనా (కంటి వెనక పొర) మధ్యభాగమే. వాపు అంచుల్లో ఉంటే చూపు బాగానే ఉంటుంది, మనకు అనుమానమే రాదు.

పరీక్షకు ముందు అలర్జీలు, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నాయేమోనని అడిగారు. ఏదీ దాచకండి. తీవ్రమైన రియాక్షన్ అరుదే అయినా అందుకోసమే మందులు పక్కన పెట్టుకుంటారు. కంటిపాప విచ్చుకోవడానికి చుక్కలు వేశారు. నా ఎడమకంట్లో ఐరిస్ (పాప చుట్టూ ఉండే రంగు పొర) లెన్సుకి కాస్త అతుక్కుని ఉండటంతో పాప పూర్తిగా తెరుచుకోలేదు, ఆ కంటి ఫొటోలకి చాలాసేపు పట్టింది.

చేతి నరంలోకి రంగు ఎక్కించిన 10–15 సెకన్లకే అది కంటికి చేరుతుంది. నీలి వెలుగు టపటపా మెరుస్తుంటే రెప్ప వాల్చకుండా ఉండటమే కష్టం. మధ్యలో కడుపులో తిప్పింది. "నోటితో గాలి పీల్చండి, ఇప్పుడే తగ్గిపోతుంది" అన్నాడు టెక్నీషియన్. అలాగే తగ్గింది. హడావిడంతా మొదటి నిమిషంలోనే. ఆ తర్వాత ఆగి ఆగి, దాదాపు పది నిమిషాల దాకా తీశారు. నాకు అసలు సంగతి చెప్పినవి ఆ ఆఖరి ఫొటోలే.

వాటిని డాక్టరుగారు తెరమీద పక్కపక్కన పెట్టారు. మొదటి వాటిలో రక్తనాళాలు సన్నగా, గీసినట్టున్నాయి. ఆఖరి వాటిలో అంచున ఉన్న సిరల చుట్టూ తెలుపు, తడిగుడ్డ మీద సిరా పాకినట్టు. వాస్క్యులైటిస్, అంటే రక్తనాళాల వాపు, ఇంకా చల్లారలేదు. ఇంకోచోట రంగు చేరని నల్లటి మచ్చలు ఉన్నాయేమోనని కూడా వెతికారు. అవి ఉంటే రక్తం అందడం లేదని అర్థం, అక్కడ బలహీనమైన కొత్త నాళాలు మొలిచి రక్తస్రావం కావచ్చు. నాకు లేవు, పెద్ద ఊరట. స్టిరాయిడ్ తగ్గించడం ఆపి, రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందు కలిపారు.

ఆ రోజు తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి, నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. ఒళ్లు కొన్ని గంటలు పసుపుగా, మూత్రం మర్నాటి దాకా ముదురు నారింజ రంగులో ఉంటాయి, కంగారు పడొద్దు. ఫొటోల కాపీ తప్పకుండా అడిగి తీసుకోండి. తర్వాతిసారి నా కుడికంట్లో ఊరడం ఆగిందని, ఎడమకంట్లో ఓ సిర వెంట ఇంకా ఉందని తేల్చింది ఆ పాత ఫొటోలతో పోల్చాకే.