మ్యాచ్ చూడ్డానికి ఏ పబ్?

ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి పబ్ అనగానే అందరూ స్క్రీన్ ఎంత పెద్దదని అడుగుతారు. నేను ముందు అడిగేది సౌండ్ గురించి. కామెంటరీ ఆపేసి పాటలు పెట్టే చోట ఎంత పెద్ద తెర ఉంటే ఏం లాభం?

తర్వాత సిగ్నల్. ఇంటర్నెట్ స్ట్రీమింగ్ మామూలుగా డిష్ ప్రసారం కంటే కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా వెనకబడి నడుస్తుంది. మొన్న మా స్ట్రైకర్ పెనాల్టీ కొట్టడానికి ఇంకా బంతి సర్దుకుంటున్నాడు, ఈలోగా పక్క పబ్‌లోంచి గోల్ అంటూ కేకలు! టెన్షన్ అంతా ఉఫ్‌మని పోయింది. గెలిచాం గానీ, ఆ గోల్ మాత్రం మాకు పాత వార్తే. (ఫోన్‌లో స్కోర్ నోటిఫికేషన్లు కూడా ఆపెయ్యండి బాబూ.)

కూర్చునేది మాత్రం కౌంటర్‌కీ తెరకీ మధ్య దారిలో వద్దు. ఫుట్‌బాల్‌లో హాఫ్‌టైమ్ 15 నిమిషాలే. అప్పుడు జనమంతా కౌంటర్ మీద పడతారు, రెండో సగం మొదలయ్యాక గ్లాసులు పట్టుకుని మన కళ్లకి అడ్డంగా నడుస్తారు. నేనైతే 40వ నిమిషంలోనే లేస్తాను. సరిగ్గా అప్పుడే గోల్ పడటం కూడా జరిగింది, ఏం చేస్తాం!

అవతలి టీమ్ అభిమానులు ఉండాలా వద్దా అంటే, ఉండాలనే అంటాను. అందరూ మనవాళ్లే అయితే ఆఫ్‌సైడ్ మీద వాదించడానికి ఎవరు దొరుకుతారు?