రెండు రాష్ట్రాల మడులు, ద హేగ్‌లో మూడు వారాలు

మొన్న మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, యూరప్‌లో వేసవి లా కోర్సులున్నాయట, ఫోటోల్లో ప్యాలెస్‌లు భలే ఉన్నాయి, అప్లై చెయ్యనా?" అంది. నేను లా ఆఖరి ఏడాదిలో నెదర్లాండ్స్‌లోని ద హేగ్ వెళ్ళొచ్చాను కాబట్టి గంటసేపు మాట్లాడాను. ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి, గుణుపురం వైపు పిల్లలు ఇంకొందరికి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఫోటోలు పక్కన పెట్టి ఎవరు నడుపుతున్నారో, ఏం చెబుతారో చూడండి. అమెరికా లా కాలేజీలు యూరప్‌లో నడిపే వేసవి కోర్సులు చాలావరకు వాళ్ళ విద్యార్థులకు క్రెడిట్ల కోసం. ఆ క్రెడిట్లు మన కాలేజీ లెక్కలో వేస్తుందో లేదో అడక్కుండా డబ్బు కట్టొద్దు. నేను వెళ్ళింది హేగ్ అకాడమీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా. 1923లో మొదలైంది, అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్న పీస్ ప్యాలెస్ ఆవరణలోనే ఉంటుంది. మూడు వారాలు పబ్లిక్ ఇంటర్నేషనల్ లా, అంటే దేశాలకీ దేశాలకీ మధ్య నడిచే చట్టం, ఇంకో మూడు వారాలు ప్రైవేట్, అంటే రెండు దేశాల చట్టాలు తగిలే పెళ్ళిళ్ళు, ఆస్తులు, కాంట్రాక్టుల సంగతి. పాఠాలు ఇంగ్లీషు, ఫ్రెంచి భాషల్లో.

అక్కడ నన్ను పట్టేసింది డాన్యూబ్ నది కేసు. నది మీద ఆనకట్టలు కడదామని హంగరీ, చెకోస్లొవేకియా 1977లో ఒప్పందం చేసుకున్నాయి, తర్వాత హంగరీ పని ఆపేసింది, అవతలివాళ్ళు నీళ్ళు తమ వైపు మళ్ళించుకున్నారు. కేసు అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్ళింది, 1997లో జడ్జీలు స్వయంగా వెళ్ళి నదిని చూశారు, ఆ కోర్టు చరిత్రలో అలా వెళ్ళడం అదే మొదటిసారి. చివరికి ఇద్దరిదీ తప్పేనన్నారు. వింటున్నంతసేపూ నాకు కాశీనగర్‌లో మామయ్య పొలం పక్కన వంశధార నదే కనిపించింది. దాని మీద నేరడి బ్యారేజీ గురించి ఆంధ్ర, ఒడిశాల మధ్య గొడవ వింటూ పెరిగినదాన్ని, ఆ గొడవ తేల్చడానికి 2010లో ట్రిబ్యునల్ వేసి 2017లో తీర్పిచ్చేదాకా మా ఇంట్లో అదే మాట.

ఇక కష్టాలు. వాళ్ళకి వేసవంటే జులై, ఆగస్టు, మనకి ఊడ్పుల కాలం, కాలేజీలు తెరిచే కాలం. బార్ కౌన్సిల్ నియమం ప్రకారం 70 శాతం హాజరు ఉండాలి. నేను నోటిమాటగా అడిగి వెళ్ళిపోయాను, తిరిగొచ్చాక హాజరు చాలలేదని పరీక్షకు కూర్చోనివ్వం అన్నారు, ఎంత టెన్షన్ పడ్డానో. మీరు మాత్రం రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు చలికాలంలోనే పెట్టాలి. నాకు ఫీజు మాఫీ అయింది కానీ విమానం ఖర్చు నాన్నగారే పెట్టుకున్నారు. అక్కడికి వెళ్ళడానికి తీసుకునే షెంజెన్ వీసాకి కనీసం 30 వేల యూరోల వైద్య బీమా కూడా కావాలి.

వెళ్ళలేనివాళ్ళు దిగులు పడకండి. ఐక్యరాజ్యసమితి ఆడియోవిజువల్ లైబ్రరీలో పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ఉపన్యాసాలు ఉచితంగా వినొచ్చు, నేను వెళ్ళేముందు రాత్రిళ్ళు అవే విన్నాను.

మా చెల్లి దరఖాస్తు లేఖ మొదటి ప్రతి పంపింది, "అంతర్జాతీయ న్యాయం నా చిన్ననాటి కల" అని మొదలుపెట్టింది. అది కొట్టేసి తాతగారి మడుల గురించి రాయమన్నాను. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, కొంత ఒడిశాలోకి వెళ్ళింది, కొంత మద్రాసులో ఉండిపోయింది కదా. ఇప్పుడు ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు మడికి 1948 మద్రాసు ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం, ఇటు మడికి 1951 ఒరిస్సా చట్టం. ఒకే జమీందారుకి శిస్తు కట్టిన ఒకే కుటుంబం, రెండు చట్టాలు, ఒక కాగితాల కట్ట తెలుగులో, ఇంకోటి ఒడియాలో. కంపారెటివ్ లా, రెండు చోట్ల చట్టాల్ని పోల్చి చూడడం అంటే ఇదేనమ్మా, నువ్వు పుట్టినప్పటినుంచీ చూస్తున్నావు అన్నాను. నిన్న రాత్రి రెండో ప్రతి పంపింది, తాతగారి పెట్టెలోంచి పాత రసీదులు తీసి ఫోటో కూడా పెట్టింది.